పది సెకన్ల ఊపిరి: నేను చేయించుకున్న డీఎల్‌సీఓ పరీక్ష

మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా, కూర్చున్నప్పుడు పల్స్ ఆక్సీమీటర్ 97 చూపిస్తూనే ఉండడంతో, ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి ఆక్సిజన్ ఎంత బాగా చేరుతోందో తెలుసుకునేందుకు మా డాక్టరుగారు నన్ను డీఎల్‌సీఓ పరీక్షకు పంపించారు. ఇందులో ఆక్సిజన్‌ను నేరుగా కొలవరు. సుమారు 0.3 శాతం కార్బన్ మోనాక్సైడ్, దానితోపాటు హీలియం లేదా మీథేన్ కలిపిన గాలిని నిండుగా పీల్చి, పది సెకన్లు బిగబట్టి వదిలితే, అందులో ఎంత కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోకి వెళ్లిపోయిందో లెక్క కడతారు. ఆ విషవాయువు పేరు వినగానే నాకు భయం వేసింది. అంత కొద్ది మోతాదు హాని చేయదని, రక్తంలోని హిమోగ్లోబిన్ దాన్ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది కనుకనే అది కొలతకు పనికివస్తుందని టెక్నీషియన్ ఓపిగ్గా చెప్పారు. 1915లోనే డెన్మార్క్ వైద్యురాలు మేరీ క్రోగ్ ఈ పద్ధతికి పునాది వేశారట.

ఆ కేంద్రంలో నాకు బాగా నచ్చింది ఆ టెక్నీషియన్ పనితనమే. ముక్కుకు క్లిప్పు పెట్టి, "పూర్తిగా వదిలేయండి, ఇంకా, ఇంకా... ఇప్పుడు ఒక్కసారిగా పీల్చి ఆపండి" అని పక్కనే నిలబడి చెప్పారు. మొదటిసారి నేను పీల్చిన గాలి నా పూర్తి సామర్థ్యంలో 90 శాతానికి చేరలేదని తెర చూసి ఆ ప్రయత్నాన్ని కొట్టేశారు. లోపలి వాయువులు బయటికి పోవాలని గడియారం చూసి నాలుగు నిమిషాలు ఆగి, రెండు ఫలితాలు దగ్గరగా వచ్చేదాకా మళ్లీ చేయించారు. ఆ రోజు పొగ తాగారా అనీ అడిగారు. తొందరపడే చోట ఈ పరీక్ష చేయించుకోవడం వృథా.

అంత జాగ్రత్తగా చేసినవారు రిపోర్టులో మాత్రం పెద్ద పొరపాటు చేశారు. రక్తహీనత ఉంటే వాయువును పట్టుకునే హిమోగ్లోబినే తక్కువ కనుక, ఊపిరితిత్తులు బాగున్నా విలువ పడిపోతుంది. అందుకే దాన్ని సరిచేసి చూపాలి. నా హిమోగ్లోబిన్ 9.8 అయినా ఎవరూ అడగలేదు, ఆ గడి ఖాళీగానే వదిలేశారు. ఉండవలసిన సాధారణ విలువలో 58 శాతమేనని రిపోర్టులో చూసి ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. డాక్టరుగారు సవరించి లెక్కిస్తే అది దాదాపు 67 అయింది. ఇప్పటికీ తక్కువే, కారణం వెతకవలసిందే, కానీ ఆ రెండు అంకెలూ ఒకటి కావు.

ఫిర్యాదు చేస్తే వాదించకుండా ఒప్పుకున్నారు. రెండు రోజులకు కొత్త రిపోర్టు ఇచ్చారు. ఈసారి ఆ గడిలో 9.8 ఉంది. ఆరు నెలల తర్వాతి పరీక్షకు రక్త పరీక్ష కాగితం చేత పట్టుకుని అక్కడికే వెళతాను.