లాన్‌లో కలుపు: మంచు కరిగాక కొట్టడం మేలా, ఆకులు రాలేటప్పుడా?

మిన్నెసోటాలో ఏప్రిల్ దాకా మంచు కింద పడుకున్న పచ్చిక మే నెలలో పచ్చబడుతూనే పసుపుపచ్చని డాండెలైన్ పూలతో నిండిపోతుంది. ఆ పూలు కంటపడగానే కలుపు మందు డబ్బా కోసం దుకాణానికి పరుగెత్తడం ఇక్కడి ఇళ్లలో ఏటా జరిగే తంతు. మొదటి మూడేళ్లు నేనూ అదే చేశాను, మూడేళ్లూ మరుసటి వసంతంలో అవే పూలు అదే చోట లేచాయి. ఇక్కడి లాన్లలో ఉండే కెంటకీ బ్లూగ్రాస్, ఫెస్క్యూ వంటివి చలిదేశపు గడ్డిజాతులు. ఇవి వసంతంలోనూ ఆకురాలు కాలంలోనూ జోరుగా పెరిగి, నడివేసవిలో నీరసిస్తాయి. కలుపుకు కూడా దాని లెక్క దానికుంది కనుక, ఏ మందు అన్నదానికంటే ముందు ఏ నెల అన్నది తేల్చుకోవాలి.

క్రాబ్‌గ్రాస్ విషయంలో వసంతానిదే పైచేయి. ఏటేటా విత్తనం నుంచి మొలిచే ఈ గడ్డి మొదటి గట్టి చలికి దానంతటదే చచ్చిపోతుంది కాబట్టి అక్టోబరులో దాని మీద మందు కొట్టడం డబ్బు దండగ. నేల వేడి నాలుగైదు రోజులు వరసగా 55 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే దాదాపు 13 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిస్తే దాని విత్తనాలు మొలకెత్తడం మొదలుపెడతాయి. ఫోర్సిథియా పొదలు పసుపు పూలు పూసే రోజులను ఇక్కడివారు దానికి గుర్తుగా పెట్టుకుంటారు. మొలకను ఆపే ప్రొడయమిన్, పెండిమిథాలిన్ వంటి మందులు ఆ లోపే నేల మీద పడి, నీటితో మట్టిలోకి దిగాలి. మన వైపు వేరుశనగ విత్తిన వెంటనే కొట్టే పెండిమిథాలిన్ ఇదే. అయితే దీనికి మంచి గడ్డి మొలక, చెడ్డ గడ్డి మొలక అన్న తేడా తెలియదు. ఈ మందు వేసిన చోట కొన్ని నెలలపాటు లాన్ విత్తనం చల్లినా ఫలితం ఉండదు. శీతాకాలపు దెబ్బకు బోసిపోయిన జాగాలను వసంతంలోనే విత్తనంతో నింపాలనుకునేవారు ఈ రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి.

రసాయనాలు వద్దనుకునేవారు మొక్కజొన్న గ్లూటెన్ పొడి వేస్తారు. దీని మొలకనిరోధక గుణం అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో బయటపడింది. వెయ్యి చదరపు అడుగులకు 20 పౌండ్లు చల్లాలి. అందులో దాదాపు పదో వంతు నత్రజని కావడంతో, అప్పటికే వేరూనిన కలుపు మీద పడితే దానికీ ఎరువే అవుతుంది. నా దృష్టిలో అది ఖరీదైన ఎరువు, కలుపు నివారణ అందులో కొసరు.

డాండెలైన్ దగ్గరకు వచ్చేసరికి లెక్క పూర్తిగా తిరగబడుతుంది. ఇది ఏళ్ల తరబడి బతికే మొక్క, దాని బలమంతా ముల్లంగిలా నిలువుగా దిగిన వేరులో ఉంటుంది. వసంతంలో ఆ వేరు నిల్వను పైకి పంపి ఆకును, పువ్వును పెంచుతుంది. అప్పుడు 2,4-డి అనే కలుపు మందు కొడితే ఆకులు మెలితిరిగి ఎండుతాయి, కానీ వేరు చాలాసార్లు బతికిపోతుంది. సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు నడుమ దాకా మొక్క శీతాకాలం కోసం ఆకులో చేసిన ఆహారాన్ని కిందికి దించుకుంటుంది. మందు ఆ ప్రవాహంతోపాటే వేరులోకి దిగుతుంది. పసుపు పూలు లేని రోజుల్లో, కంటికి ఆనని ఆకుల గుత్తుల మీద కొట్టాలి కనుక ఈ పని ఎవరికీ గుర్తుండదు, అదే చిక్కు.

ఆకురాలు కాలానికి మరో సౌకర్యం కూడా ఉంది. 2,4-డి గడ్డిజాతిని వదిలి వెడల్పాకు మొక్కలను చంపుతుంది. వరి చేలో పనికొచ్చిన ఆ మందే పక్క పత్తి చేనులోకి గాలికి కొట్టుకుపోతే ఏమవుతుందో మన రైతులకు బాగా తెలుసు. అది తెలిసి కూడా ఒక మే నెలాఖరున గాలి వీస్తుండగా నేను పిచికారీ చేశాను. వారం తిరక్కుండా కంచె అవతలి పొరుగువారి టమాటా మొక్కల చిగుళ్లు దారాల్లా సన్నబడి చుట్టలు చుట్టుకున్నాయి. అక్టోబరులో ఆ మడులు ఖాళీగా ఉంటాయి.

చేతితో తీయడం మందుకు సాటి వస్తుందా? పది ఇరవై మొక్కలయితే వస్తుంది, వందలయితే రాదు. వాన పడిన మరునాడు నేల మెత్తగా ఉన్నప్పుడు, చివర చీలిన పొడవాటి పనిముట్టును వేరు పక్కనే దించి మెల్లగా పైకి లేపాలి. తొందరపడితే పుటుక్కున తెగుతుంది. తెగిన చోట తెల్లని పాలు కారుతాయి, నేలలో మిగిలిన ముక్క నుంచి కొన్ని వారాల్లో ఒకటికి రెండు తలలు పుట్టుకొస్తాయి. ఉప్పు, వెనిగర్ వంటి వంటింటి చిట్కాలు ఆకును మాడ్చడంతో సరి, పైగా ఉప్పు మట్టిని చెడగొడుతుంది.

క్రీపింగ్ చార్లీ అన్నిటికంటే మొండిది. చూపుకు మన సరస్వతి ఆకులా గుండ్రంగా, అంచులు గుండ్రని నొక్కులతో ఉండి, చెట్ల నీడలో కణుపు కణుపుకీ వేళ్లు వేస్తూ పాకుతుంది. లాగితే తీగ మాత్రమే చేతికొస్తుంది. దీనికి వట్టి 2,4-డి కంటే ట్రైక్లోపిర్ ఉన్న మందు బాగా పనిచేస్తుంది, అదీ తొలి చలి తగిలిన తర్వాతి రోజుల్లో. నీడ గడ్డికి చాలనంత దట్టంగా ఉంటే ఏ మందు కొట్టినా రెండేళ్లలో తిరిగి వస్తుంది. అలాంటి చోట గడ్డి ఆశ వదులుకోవడమే చవక.

ఇక మందే లేని దారి గడ్డిని దట్టంగా ఉంచడం. కోత మూడు, మూడున్నర అంగుళాల ఎత్తున ఆపితే నేల మీద నీడ పడి క్రాబ్‌గ్రాస్ మొలక అణగిపోతుంది. ఆగస్టు నడుమ నుంచి సెప్టెంబరు నడుమ వరకు పలుచని చోట్ల విత్తనం చల్లడం వసంతంలో చల్లడం కంటే ఎంతో నయం, ఎందుకంటే అప్పుడు నేల వెచ్చగా ఉంటుంది, క్రాబ్‌గ్రాస్ పోటీ అంతరిస్తూ ఉంటుంది. కానీ లేతగడ్డిని మూడు నాలుగు సార్లు కోసేదాకా వెడల్పాకు మందు తగలనీయరాదు కనుక, ఈ విత్తనమూ అక్టోబరు పిచికారీ ఒకదానికొకటి అడ్డొస్తాయి. లాన్‌లో బోసి జాగాలు ఎక్కువుంటే ఆ ఏడు విత్తనానికే ఓటు వేస్తాను. గడ్డి దట్టంగా ఉండి అక్కడక్కడా డాండెలైన్ ఉంటే, లాన్ అంతా తడపకుండా మొక్క మొక్కకీ చేతిపంపుతో కొట్టడం చాలు.

కెనడాలో ఒంటారియోలో ఉండే మనవారికి ఈ ఎంపిక ఇంత విశాలంగా లేదు. అక్కడ 2009 నుంచి అందం కోసం లాన్లకు 2,4-డి వంటి మందులు వాడడం నిషిద్ధం. ఇనుము ఆధారంగా తయారయ్యే మందుకు అనుమతి ఉంది. అది పడిన డాండెలైన్ ఒక్క రోజులోనే నల్లబడుతుంది, గడ్డి మాత్రం ఇంకాస్త పచ్చబడుతుంది. వేరు దాకా పట్టు తక్కువ కనుక కొన్ని వారాలకు మళ్లీ కొట్టాల్సి వస్తుంది. అక్కడ నేనుంటే అదే డబ్బుతో సెప్టెంబరుకు ఒక బస్తా విత్తనం, పొడవాటి పిడి ఉన్న పనిముట్టు ఒకటి కొని పెట్టుకుంటాను.