చేపల పులుసుకు వాక్యూమ్ మిషన్: ఎనిమిది నెలల వాడకం తర్వాత

మా వదినగారు నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఇంటి నుంచే కారప్పొడులు, ఎండుచేపలు, ముందుగా చెప్పినవారికి చేపల పులుసు చేసి అమ్ముతారు. కిందటి కార్తీకమాసపు వానలకు ఎండు నెత్తళ్ళు రెండు వారాల్లోనే చెమ్మగిల్లి పాడైపోవడంతో, ఆమె 38,500 రూపాయలు పెట్టి బల్లమీద పెట్టుకునే వాక్యూమ్ ప్యాకింగ్ మిషన్ ఒకటి కొన్నారు. ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కనుక, దాన్ని ఎంపిక చేసే పనీ, ఆ తర్వాత దాని ఆలనాపాలనా నా నెత్తినే పడ్డాయి.

బజారులో వీటికంటే చాలా చౌకగా దొరికేవి సంచి మూతి నుంచి గాలి లాగే రకం. వాటికి లోపలివైపు గరుకు గీతలున్న ప్రత్యేకమైన సంచులు కావాలి. పైగా పులుసు వంటిది పెడితే గాలితోపాటు అదీ పైకి వచ్చి సీలు పడవలసిన చోటును తడిపేస్తుంది. మేము కొన్నది పెట్టె రకం. ఇందులో సంచిని మూతి తెరిచి ఉండగానే పెట్టెలో ఉంచి, పైన దళసరి పారదర్శకమైన మూత వేస్తే, పంపు పెట్టె మొత్తంలోని గాలిని లాగేస్తుంది. సంచికి లోపలా బయటా పీడనం ఒక్కలాగే తగ్గుతుంది కనుక పులుసు ఎటూ కదలదు. తరువాత టెఫ్లాన్ గుడ్డ కింది నైక్రోమ్ తీగ వేడెక్కి మూతిని అతికిస్తుంది, ఆపైన పెట్టెలోకి గాలి తిరిగి వస్తుంది. సంచి బిగుసుకుపోయేది ఆ చివరి క్షణంలోనే.

ఈ బిగుసుకోవడాన్ని చాలామంది శూన్యం లోపలికి లాగడం అనుకుంటారు. శూన్యం దేన్నీ లాగదు, బయటి గాలి నొక్కుతుంది. మా మిషన్ డయలు మీద 0 నుంచి 760 వరకు అంకెలున్నాయి; పెట్టెలో పీడనం ఎంత తగ్గిందో ముల్లు వాటి మీద చూపుతుంది. 1643లో ఇటలీ శాస్త్రవేత్త టోరిసెల్లి పాదరసం నింపిన గాజు గొట్టాన్ని తలకిందులు చేసి నిలబెట్టి చూపినట్టు, గాలి పీడనం మోయగలిగే పాదరసం ఎత్తును కొలిచే మిల్లీమీటర్లే అవి. ఆ 760 మిల్లీమీటర్ల పీడనం అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో బరువు. 20 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న సంచిని ఖాళీ చేస్తే దాని ఒక్కో ముఖం మీద దాదాపు 300 కిలోల బరువు పడుతుంది. ఈ లెక్క తెలిసి కూడా నేను మొదటి వారంలో అరకిలో మలైకాజాలు అందులో పెట్టాను. బయటికి తీసేసరికి అవి పాకం కక్కి చపాతీలయ్యాయి.

అంతకంటే పెద్ద ముచ్చట పులుసుతో జరిగింది. మామిడికాయ వేసిన బొమ్మిడాయిల పులుసును పొయ్యి మీద నుంచి దించి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక సంచిలో పోసి మూత వేశాము. ముల్లు 650 దాటిందో లేదో, పులుసు మీద బుడగలు లేచి కుతకుతమంటూ సంచి గోడల పైకి ఎక్కడం మొదలుపెట్టింది. వదినగారు మూత మీదికి వంగి, "పొయ్యి లేకుండానే తెర్లతా ఉందే, ఏందిది?" అన్నారు. థర్మామీటరు పెట్టి చూస్తే పులుసు ఇంకా 50 డిగ్రీల వేడిలో ఉంది. నీరు 100 డిగ్రీల వద్ద మరగడం మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి మాత్రమే వర్తించే నియమం. పీడనం 92 మిల్లీమీటర్లకు పడిపోతే 50 డిగ్రీలకే మరుగుతుంది. ఆవిరి నేరుగా పంపులోకి వెళ్ళి, అందులో పోసే నూనెలో కలిసింది. మర్నాడు నూనె అద్దంలోంచి చూస్తే పల్చటి మజ్జిగలా కనిపించింది. ఆ నూనె పారబోసి కొత్తది పోసేదాకా ముల్లు 700 దాటలేదు. ఇప్పుడు పులుసును రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, 5 డిగ్రీలకు దించాకే ప్యాక్ చేస్తున్నాము. ఆ చల్లదనంలో నీరు మరగాలంటే పీడనం 6.5 మిల్లీమీటర్ల దాకా పడిపోవాలి; మా ముల్లు 740 దగ్గరే ఆగుతుంది, అంటే ఇంకా 20 మిల్లీమీటర్లు మిగులుతుంది కనుక బుడగ కూడా లేవదు. నెల్లూరు పులుసు మర్నాటికే రుచి తేలుతుంది కాబట్టి ఈ ఆలస్యం గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

పెట్టె మీద "99.9 శాతం శూన్యం" అని అచ్చువేశారు. అది నిజమే అనుకున్నా లోపల 1 మిల్లీబారు (సుమారు ముప్పావు మిల్లీమీటరు) పీడనం మిగులుతుంది. అంటే మన గది వేడిమిలో ఘన సెంటీమీటరుకు దాదాపు 240 కోట్ల కోట్ల అణువులు ఉంటాయన్నమాట. పాత టీవీల పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాను దేనికీ తగలకుండా తెర దాకా చేరాలి కనుక అక్కడ ఇంతకంటే ఎన్నో వేల రెట్లు మంచి శూన్యం అవసరమయ్యేది. ఎండుచేపలకు అంత పట్టింపు లేదు. చేపలోని నూనెను కారెక్కించే ఆక్సిజన్ చాలావరకు పోయి, చెమ్మ తిరిగి చేరకుండా ఉంటే చాలు. ఆ పనిలో మిషన్‌కు వంక పెట్టలేను. డిసెంబరులో ప్యాక్ చేసిన నెత్తళ్ళను జూన్‌లో విప్పితే గలగలలాడాయి. వంజరం ఎండుముక్కల ముళ్ళు మాత్రం సంచిని గుచ్చి కనపడనంత చిల్లి చేస్తాయి. తెల్లారేసరికి సంచి మెత్తబడితే అదే కారణం. ముక్కలను ముందు దళసరి కాగితంలో చుట్టుకోవాలి. సంచులు కూడా బయట నైలాను, లోపల పాలిథీన్ పొరలున్నవే కొనాలి, ఎందుకంటే ఒట్టి పాలిథీన్ గుండా ఆక్సిజన్ మెల్లగా లోపలికి చేరుతుంది.

కొన్నవారికి వదినగారు తప్పకుండా చెప్పే మాట ఒకటుంది: వాక్యూమ్ చేసిన పులుసు నిలవ పచ్చడి కాదు. గాలి లేని చోటే పెరిగి విషం తయారుచేసే బొటులినం బ్యాక్టీరియాకు తడి ఉన్న చేప, గది వేడి దొరికితే పండగే. అందుకని పులుసు సంచులను ఫ్రీజర్‌లోనే ఉంచుతాము, దూరాలకు పంపము, కరగబెట్టే ముందు సంచి మూలను కత్తిరించమని చీటీ అంటిస్తాము.

ఇక అమ్మినవారి సేవ మాత్రం మిషన్ స్థాయిలో లేదు. పంపులో నూనె లేకుండానే పంపారు, ఆ సంగతి చెప్పే కాగితంలో తెలుగు ముక్క లేదు. మూత అంచు రబ్బరు ఐదో నెలలో పగిలితే, రెండు వందల రూపాయల వస్తువు కోసం ఆరు వారాలు ఎదురుచూడవలసి వచ్చింది. కొనేవారు ఆ రబ్బరు ఒకటి, లీటరు పంపు నూనె అదే రోజు అడిగి తెచ్చుకోవడం మంచిది. నెలకు వందకు పైగా సంచులు కట్టే ఇంటి వ్యాపారానికి ఈ ధర గిట్టుబాటు అవుతుంది. ఏడాదికోసారి పిల్లలకు సున్నుండలు పంపేవారికి అవసరం లేదు. మలైకాజాలను మేము మళ్ళీ అట్టపెట్టెలోనే ఇస్తున్నాము.