హ్యాండ్ మిక్సరా, స్టాండ్ మిక్సరా?

ఇంట్లో కేకులు చేసి ఇరుగుపొరుగుకు అమ్మడం మొదలుపెట్టిన రెండేళ్లూ నాకు చేత్తో పట్టుకుని క్రీమ్ గిలక్కొట్టే 300 వాట్ల హ్యాండ్ మిక్సరే దిక్కు. సుమారు 2,000 రూపాయలు, పని కాగానే సొరుగులో పడేయొచ్చు. అరకిలో కేకు క్రీమ్‌కు ఇప్పటికీ అదే హాయి. విస్క్ (గిలక్కొట్టే తీగల బుట్ట) గీతలు క్రీమ్‌లో చెరగకుండా నిలిచిన క్షణంలో ఆపేయొచ్చు. అర నిమిషం ఎక్కువైనా క్రీమ్ పలుకులు కడుతుంది. తిరుపతి ఎండలు 40 డిగ్రీలు దాటాయా, అసలు టెన్షన్ అప్పుడే. స్టీలు గిన్నె, విస్క్ రెండూ ముందే ఫ్రిజ్‌లో పెట్టుకోవాల్సిందే.

బన్నుల పిండి దగ్గర మాత్రం అది చేతులెత్తేసింది. మోటారు వేడెక్కి కాలిన వాసన!

అప్పుడు కొన్నాను, 5 లీటర్ల గిన్నె ఉన్న స్టాండ్ మిక్సర్. "ఏమే, మళ్లీ రోలు తెచ్చినావా?" అంది మా అత్త. బరువు అలాంటిదే మరి, ఒకచోట పెడితే ఇక కదలదు. ఇందులో విస్క్ తన చుట్టూ తాను తిరుగుతూ గిన్నె అంతా చుట్టి వస్తుంది. పెట్టె మీద 'ప్లానెటరీ' అని రాసేది అందుకే. పిండి దానికి వదిలేసి క్రీమ్ డిజైన్లు వేసే నాజిల్స్ సర్దుకోవచ్చు. కానీ 150 మిల్లీలీటర్ల క్రీమ్ పోస్తే విస్క్ అడుగుకు సరిగా అందదు.

1200 వాట్లని చూసి మురిసిపోకండి. అది మోటారు లాగే కరెంటు లెక్క, పిండి పిసికే బలం కాదు.

నెలకు రెండు కేకులైతే హ్యాండ్ మిక్సర్ చాలు. బ్రెడ్డు, బన్నులు కూడా చేస్తారా, 7,000 దాకా పెట్టండి. పాతదాన్ని మాత్రం అమ్మేయొద్దు.