కాలమస్‌తో ఏళ్ల తరబడి: తెర మీద తెగిన చోటే కాగితం మీదా తెగే వరుస

1980ల నాటి ఇంటి కంప్యూటర్ అటారీ ఎస్‌టీ మీద పేజీలు కూర్చడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని ఎవరు అడిగినా నా జవాబు కాలమస్ దగ్గరే మొదలవుతుంది. కారణం ఒక్కటే. తెర మీద వరుస ఎక్కడ తెగిందో కాగితం మీద కూడా సరిగ్గా అక్కడే తెగుతుంది. మిగిలిన సుగుణాలన్నీ నాకు దీని తర్వాతే.

ఇదంత పెద్ద విషయమా అనిపించవచ్చు. నేను కూర్చినది ఒక చదరంగ క్లబ్బు మాసపత్రిక. అందులో సగానికి సగం ఆటల ఎత్తులే. ఎత్తు సంఖ్య ఒక వరుస చివర వేలాడి, ఎత్తు మాత్రం కింది వరుసలోకి జారిపోతే, ఎదురుగా బల్ల పెట్టుకుని ఆట ఆడి చూసే పాఠకుడు తడబడతాడు. అందుకని ప్రతి కాలమ్‌లోనూ వరుసల చివర్లు ఒక్కొక్కటీ చూసి సరిచేసేవాణ్ని. అంతకు ముందు వాడిన ప్రోగ్రాంలో ఆ శ్రమంతా ప్రింటర్ దగ్గర వృథా అయ్యేది. అది జీడాస్ మీద, అంటే ఫాంట్లనూ ప్రింటర్‌నూ చూసుకునే అటారీ వ్యవస్థ భాగం మీద, నడిచేది. జీడాస్‌లో ఫాంటు అంటే చుక్కలతో గీసిన బొమ్మ. ఒక్కో సైజుకు ఒక్కో ఫైలు. తెరకు ఒక జట్టు, ప్రింటర్‌కు మరో జట్టు. వాటన్నిటి జాబితానూ అసైన్.సిస్ అనే ఫైలులో రాసిపెట్టాలి. తెర ఫాంటులో అక్షరం వెడల్పూ ప్రింటర్ ఫాంటులో దాని వెడల్పూ అచ్చంగా ఒకటి కావు. ఒక్కో అక్షరం దగ్గర వచ్చే వెంట్రుకవాసి తేడా వరుస చివరికి చేరేసరికి ఒక మాటను కిందికి నెట్టేది. ఆ మాటతో పేరా ఒక వరుస పెరిగేది, దాంతో కాలమ్ పొంగేది.

కాలమస్ ఆ దారినే వదిలేసింది. దాని ఫాంటులో ఉండేది చుక్కలు కాదు, అక్షరపు అంచు గీత. కాలమస్ సొంత ఫాంటు రకమైన సీఎఫ్ఎన్ ఫైలు ఒక్కటి ఉంటే ఏ సైజు కావాలన్నా అందులోంచే వస్తుంది. తెరకైనా ప్రింటర్‌కైనా అదే ఫైలు నుంచి, అదే లెక్కతో, అక్షరాలను కాలమస్ తానే గీస్తుంది. ప్రింటర్‌కు చేరేది అప్పటికే గీసిపెట్టిన చుక్కల బొమ్మ. ప్రింటర్‌లో ఏ ఫాంట్లు ఉన్నాయన్న ప్రశ్నే రాదు.

దీని అసలు విలువ తెలిసింది టోర్నమెంటు ప్రత్యేక సంచికప్పుడు. మామూలు సంచికలను 24 పిన్నుల డాట్ మ్యాట్రిక్స్ మీద తీసి జిరాక్స్ చేయించేవాళ్లం. ఈ సంచిక మాత్రం లేజర్ మీద రావాలన్నారు. సభ్యుల్లో ఒకరి దగ్గర మెగా ఎస్‌టీ 4, అటారీ ఎస్‌ఎల్‌ఎం804 లేజర్ ప్రింటర్ ఉన్నాయి. పేజీల ఫైలు, సీఎఫ్ఎన్ ఫైళ్లు ఫ్లాపీలో వేసుకుని వెళ్లాను. నేను ఇంట్లో తీసిన ప్రూఫులు అంగుళానికి 180 చుక్కల మీద, అక్కడ 300. ఎంతో కొంత కదలక తప్పదని, సరిచేసుకోవడానికి సాయంత్రమంతా ఖాళీ ఉంచుకున్నాను.

మొదటి పేజీ బయటికి రాగానే నా ప్రూఫు మీద పెట్టి, రెండు కాగితాలనూ కలిపి కిటికీ అద్దానికి ఆనించి చూశాను. మూడు కాలమ్‌ల పేజీ అది. శీర్షిక మీద శీర్షిక కూర్చుంది. ఎత్తుల జాబితాలో ఏ సంఖ్య మీద ఆ సంఖ్యే ఉంది. డాట్ మ్యాట్రిక్స్ అక్షరాల గరుకు అంచుల మధ్య లేజర్ అక్షరం నల్లగా ఇమిడిపోయింది. అడుగున, చివరి వరుసలో, ఒక్క మాట కూడా పక్కకు తప్పుకోలేదు. తర్వాతి పేజీలూ అంతే. ఆ సాయంత్రం మౌస్ పట్టుకున్నది ప్రింట్ ఆదేశం ఇవ్వడానికే. అంత చిన్న ఇంటి కంప్యూటర్ నుంచి అంత మాట నిలబెట్టుకునే పని వస్తుందని నేను ఊహించలేదు. ఇప్పుడు తలచుకున్నా అదే సంతోషం.

అయితే ఈ పొగడ్తను స్థానం వరకే తీసుకోవాలి. వరుసలు కదలవు గానీ అక్షరాల తీరు మారుతుంది. 8 పాయింట్ల అక్షరాల్లోని సన్నని గీతలు 180 చుక్కల దగ్గర ఒకే చుక్కకు పడిపోతాయి. ఒకే మందంతో గీసిన రెండు అడ్డగీతల్లో ఒకటి ఒక చుక్కతో, రెండోది రెండు చుక్కలతో అచ్చవుతుంది. 640 × 400 చుక్కల తెర మీద ఇవేవీ ముందుగా కనిపించవు. వాటిని కాగితం మీద చూసి సరిదిద్దుకోవలసిందే. ఒక్క ఫాంటు ఫైలు చాలన్నాను కదా, ఆ ఫైలు సీఎఫ్ఎనే అయి ఉండాలి. నా దగ్గరున్న పాత ఫాంట్లు ఒక్కటీ పనికిరాలేదు.

మెమరీ సంగతి మరీ ముఖ్యం. ఎస్‌ఎల్‌ఎం804కు తనదంటూ పేజీ మెమరీ లేదు. పేజీ బొమ్మంతా కంప్యూటర్ మెమరీలోనే తయారై ఉండాలి. ఎ4 పేజీని అంగుళానికి 300 చుక్కలతో గీస్తే అడ్డంగా 2,480, నిలువుగా 3,508 చుక్కలు. చుక్కకు ఒక బిట్టు చొప్పున దాదాపు 10.9 లక్షల బైట్లు. ఎస్‌టీల్లో 1 మెగాబైటు నమూనా అయిన 1040లో ఉన్న మొత్తం మెమరీ 10,48,576 బైట్లు. పేజీ బొమ్మకే చాలదు, ఇక కాలమస్ ఎక్కడ ఉండాలి, ఫాంట్లు ఎక్కడ ఉండాలి? నా పేజీలు మెగా ఎస్‌టీ మీద అంత హాయిగా అచ్చయ్యాయంటే అందులో సగం ఘనత ఆ 4 మెగాబైట్లదే. ఇంట్లో డాట్ మ్యాట్రిక్స్ మీద కూడా, నాలుగైదు ఫాంట్లు తెరిచి, పేజీలో స్కాన్ చేసిన ఫోటో పెట్టానంటే ఊపిరి బిగపట్టి కూర్చునేవాణ్ని. ఒకసారి తెర మీద వరుసగా రెండు బాంబు బొమ్మలు వచ్చి అంతా ఆగిపోయింది. రెండు బాంబులంటే బస్ ఎర్రర్, అంటే ప్రోగ్రాం తాకకూడని మెమరీ చిరునామాను తాకిందని అర్థం. సేవ్ చేయని స్థితి చిత్రాల పేజీ మొత్తం పోయింది. ఆ తర్వాత ఫోటోలను చివరి పనిగా పెట్టుకున్నాను.

కాలమస్‌లోనే కూర్చుని పెద్ద వ్యాసం టైపు చేయడం నాకు సుఖంగా అనిపించలేదు. ప్రతిదానికీ ముందు ఫ్రేము గీయాలి, పక్కనున్న గుర్తుల అర్థాలు బాగా వంటబట్టాలి. వ్యాసాలను ఫస్ట్ వర్డ్ ప్లస్ అనే వర్డ్ ప్రాసెసర్‌లో టైపు చేసి తెచ్చుకుంటే సరిపోయింది. పేజీ మీదే నేరుగా టైపు చేస్తూ పోవడం ఇష్టమైతే పేజీలు కూర్చే మరో ప్రోగ్రాం పేజ్‌స్ట్రీమ్ వైపు చూడండి. అచ్చు యంత్రాలకు పేజీని వివరించే భాష పోస్ట్‌స్క్రిప్ట్ అవసరమున్నా అటే చూడండి. బయటి అచ్చు కేంద్రం ఒకటి మా సంచికను పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలుగా తప్ప తీసుకోనంది. ఫిల్మ్ మీదికి వెళ్లవలసిన పేజీలను చివరికి లేజర్ కాగితం నుంచే ఫోటో తీయించాం.

నా పని నలుపు తెలుపులో, ఎక్కువగా అక్షరాలతో, నెలనెలా ఒకే పేజీ నమూనాతో సాగేది. రంగులు అక్కర్లేదు, గడువు కూడా కొంత సడలేది. అలాంటి పని మీదైతే, అచ్చు మీ చేతిలోని ప్రింటర్ మీదే జరిగేదైతే, నేను మళ్లీ కాలమస్‌నే ఎంచుకుంటాను. పోస్టర్లు, కరపత్రాలు చేసేవారికి వరుస చివర్ల మీద ఇంత పట్టింపు ఉండదు. వాళ్లకు ఇదే చెబుతానా అంటే సందేహమే. 1 మెగాబైటు యంత్రం ఉండి, చేతిలో ఒకే ఖర్చుకు సరిపడా డబ్బు ఉంటే మాత్రం ముందు మెమరీ పెంచుకోండి, కాలమస్ సంగతి తర్వాత చూడవచ్చు.