కచ్ ఎడారి సినిమాలు: 'హెల్లారో' ముందా, ఉప్పు సినిమా ముందా?

దసరా దగ్గరపడిందంటే నన్ను ఒకటే మాట అడుగుతారు. "గుజరాతీలో ఎడారి పల్లెల మీద మంచి సినిమాలు ఉన్నాయట కదా, ముందు ఏది చూడమంటావు?" ఒక్కొక్కరికి ఫోన్లో విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను.

నా లెక్కలో పోటీ రెండింటి మధ్యే. ఒకటి అభిషేక్ షా తీసిన 'హెల్లారో' (2019). రెండోది ఫరీదా పాచా తీసిన 'మై నేమ్ ఈజ్ సాల్ట్' (2013). మొదటిది కథ, రెండోది డాక్యుమెంటరీ. రెండింటినీ పక్కపక్కన పెట్టడం న్యాయమేనా అంటారేమో. గుజరాత్‌లోని కచ్ అనే ఒకే జిల్లా పేరు మోసే నేల మీద, ఒకే రకం ఎండలో బతికే మనుషుల సినిమాలు కాబట్టి న్యాయమే అంటాను.

ఎడారి సినిమా ఏదైనా సరే, అందులో నీళ్ళు ఎక్కడున్నాయని చూస్తాను. ఇసుకనూ ఆకాశాన్నీ అందంగా చూపించడం పెద్ద కష్టమేమీ కాదు, టూరిస్టు పోస్టర్లు కూడా ఆ పని చేస్తాయి. ఇంట్లోకి బిందెడు నీళ్ళు రావాలంటే ఎవరు, ఎంత దూరం, ఏ పూట నడవాలి? ఆ లెక్క తెలిసిన సినిమాకే అక్కడి బతుకు తెలిసినట్టు.

'హెల్లారో' మొత్తం ఆ నడక మీదే నిలబడింది. కాలం 1975. సమర్‌పురా అనే పల్లె. వాన లేదు. వాన కోసం అమ్మవారి ముందు గర్బా ఆడేది మగవాళ్ళే, ఆడవాళ్ళు ఆడకూడదు. ఆడవాళ్ళకు మిగిలింది ఇల్లూ, పొయ్యీ, పొద్దున్నే బిందెలెత్తుకుని దూరాన ఉన్న నీళ్ళకు వెళ్ళడం. ఈ నీళ్ళ మోత వాళ్ళ కష్టాలన్నిటిలోకీ పెద్దది. కానీ రోజు మొత్తంలో మగవాళ్ళ కళ్ళు పడని సమయం కూడా అదొక్కటే. ఆ దారిలోనే ఒకరోజు దాహంతో పడిపోయిన డోలు వాయించే మనిషి కనిపిస్తాడు. పరాయి మగవాడితో మాట్లాడటమే తప్పయిన చోట, కొత్తగా కాపురానికొచ్చిన మంఝరి అతనికి నీళ్ళిస్తుంది. తర్వాత డోలు వాయించమని అడుగుతుంది.

ఆ సన్నివేశం నేను ఎన్నిసార్లు చూశానో. బిందెలు నేల మీదికి దిగుతాయి. ముందు కాళ్ళు కదలవు. అమ్మవారికి కోపం వస్తుందన్న భయం మొహాల్లో కనిపిస్తూనే ఉంటుంది. డోలు దెబ్బ మాత్రం ఆగదు. కాసేపటికి ఒక అడుగు, దాని వెనక ఇంకో అడుగు, చూస్తుండగానే గుండ్రంగా తిరుగుతున్నారు. సూరత్‌లో మగ్గాల పనికి వెళ్ళి అక్కడే స్థిరపడిన మా చిన్నమ్మ ఈ సీన్ చూసి, "అచ్చం మన బతుకమ్మనే కదనే" అంది. ఆమె మాట నిజం. చప్పట్లు కొడుతూ వలయంగా తిరగడం, ఆ కాసేపూ ఎవరి కోడలూ ఎవరి పెళ్ళామూ కాకుండా ఉండటం తెలంగాణ ఆడపిల్లకు ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు.

కచ్‌లోని వ్రజవాణి ఊళ్ళో చెప్పుకునే ఒక జానపద కథ దీనికి ఆధారం. డోలు వాద్యకారుడి చుట్టూ 140 మంది అహీర్ కులపు స్త్రీలు ఇల్లూ వాకిలీ మరిచిపోయి ఆడారని ఆ కథ. అది విషాదంగానే ముగుస్తుంది. సినిమా ఎలా ముగుస్తుందో చెప్పను. 66వ జాతీయ అవార్డుల్లో దీనికి ఉత్తమ చిత్రం వచ్చింది, గుజరాతీకి అదే మొదటిసారి. 'మహానటి'కి కీర్తి సురేశ్ ఉత్తమ నటి అయింది కూడా ఆ ఏడాదే. 'హెల్లారో'లో నటించిన 13 మంది ఆడవాళ్ళకూ కలిపి ప్రత్యేక జ్యూరీ అవార్డు ఇచ్చారు. ఆ వలయం నుంచి ఒక్కరినే బయటికి లాగి చేతిలో అవార్డు పెట్టి ఉంటే నాకు బాధనిపించేది. కెమెరా పట్టింది త్రిభువన్ బాబు సాదినేని. పేరు చదవగానే నాకు మనవాడే అనిపించింది.

లోపం లేదా అంటే ఉంది. రంగులూ, వేషాలూ కొంచెం ఎక్కువ అందంగా ఉంటాయి. మూడేళ్ళు వాన చూడని ఊళ్ళో బట్టలు అంత మెరుస్తాయా అని ఒక్కోసారి అనుమానం వస్తుంది.

ఆ అనుమానం 'మై నేమ్ ఈజ్ సాల్ట్' దగ్గర రానే రాదు. ఇది కచ్ చిన్న రణ్ అనే ఉప్పు ఎడారిలో ఉప్పు పండించే అగరియాల సినిమా. వానాకాలంలో చిన్న రణ్ నీళ్ళతో నిండిపోతుంది. ఆ నీళ్ళు తీశాక కుటుంబాలు సామాన్లతో వచ్చి ఎనిమిది నెలలు అక్కడే ఉంటాయి. పోయినేడు బురదలో పాతిపెట్టి వెళ్ళిన పంపునీ పైపుల్నీ తవ్వి తీస్తారు. మన నౌపడలో సముద్రపు నీళ్ళు మడుల్లోకి పారిస్తారు కదా, ఇక్కడ ఉప్పునీళ్ళు భూమి లోపలి నుంచి తోడతారు. మడి నేలను రోజుల తరబడి కాళ్ళతో తొక్కి గట్టిపరుస్తారు. అగరియాల పాదాలు ఎంత మొద్దుబారతాయంటే, చితి మీద ఒళ్ళంతా కాలినా అవి కాలవని అక్కడ చెప్పుకుంటారు. దేశంలో తయారయ్యే ఉప్పులో ముప్పావు వంతు గుజరాత్‌దే. ఇది చూశాక ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడల్లా నాకు ఆ కాళ్ళే గుర్తొస్తాయి.

'హెల్లారో' వాళ్ళు వాన కోసం మొక్కుతుంటే, ఇక్కడివాళ్ళకు వానంటేనే భయం. వానొస్తే ఎనిమిది నెలలు చేసిన మడులన్నీ కరిగిపోయి మళ్ళీ సముద్రంలా మారతాయి. ఒకే కచ్‌లో వానకు ఈ రెండు అర్థాలూ ఉన్నాయని సినిమాలు రెండూ చూస్తేగానీ నాకు బోధపడలేదు.

అయినా ముందు 'హెల్లారో' చూడమనే అంటాను. ఉప్పు సినిమాలో పని కళ్ళారా కనిపిస్తుంది, కానీ మాటలు చాలా తక్కువ. వ్యాఖ్యానం చెప్పే గొంతు కూడా ఉండదు. గంటన్నర పాటు మనమే ఓపిగ్గా చూసి అర్థం చేసుకోవాలి. ఆ బతుకుతో పరిచయం లేనివాళ్ళు అరగంటకే ఫోన్ చేతిలోకి తీసుకుంటారు, మా ఇంట్లో జరిగింది అదే. 'హెల్లారో' మాత్రం ఆ ఆడవాళ్ళ లోపలి మాటని మనకు వినిపిస్తుంది. నీళ్ళకు నడిచే మనిషి మనసులో ఏముందో తెలిశాక ఉప్పు మడి తొక్కే మనిషి మౌనం దానంతటదే మాట్లాడుతుంది.

ఇక 'ద గుడ్ రోడ్' (2013). ఆస్కార్‌కు మన దేశం పంపిన మొదటి గుజరాతీ సినిమా అదే. 'ద లంచ్‌బాక్స్'ని కాదని పంపారని అప్పట్లో పెద్ద గొడవైంది. లారీ డ్రైవరు, తప్పిపోయిన పిల్లాడు, అమ్మమ్మను వెతుక్కుంటూ వచ్చిన పిల్ల, ముగ్గురి కథలు కచ్ హైవే మీద నడుస్తాయి. చెడ్డ సినిమా కాదు. కాకపోతే అందులో ఎడారి దాటిపోయే దారే తప్ప ఉండే చోటు కాదు. టైముంటే చూడండి.

'కచ్ ఎక్స్‌ప్రెస్' (2023) మానసీ పారేఖ్ కోసం చూడొచ్చు, నిత్యా మేనన్‌తో కలిసి ఉత్తమ నటి అవార్డు పంచుకుంది. దాన్ని ఈ తూకంలో వేయను. కేతన్ మెహతా 'భవ్నీ భవాయి' (1980) గొప్పదే, అది అంటరానితనం మీద వేరే పెద్ద చర్చ.

రెండూ చూసే వీలుంటే మధ్యలో రెండు రోజులు ఆగండి. ఉప్పు సినిమాకు టీవీ స్పీకర్లు చాలవు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. పంపు ఇంజన్ డుగుడుగుమంటూ కొట్టుకునే ఆ చప్పుడు బాగా వినాలి, అది ఆగితే మడిలోకి నీళ్ళు ఆగినట్టే.