ఉగాండాకు పరిచర్య మీద వెళ్లే కొత్త జంటకు: ఎక్కడ దిగాలి, ఎక్కడ చేయి బిగించకూడదు

ఉగాండాకు సేవ కోసం వెళ్లే దంపతులు ఖర్చు లెక్క తలకిందులుగా వేసుకోవడం తరచూ కనిపిస్తుంది. విమాన టికెట్ దగ్గర, చూడచక్కని గది దగ్గర ధారాళంగా ఉండి, తీరా అక్కడికి చేరాక బండి, దోమతెర, నీళ్ల ట్యాంకు దగ్గర పిసినారితనం చూపిస్తారు. గది సాదాగా ఉంటే వచ్చే నష్టమేమీ లేదు. రోడ్డు, దోమ, నీళ్ల విషయంలో మిగిల్చింది మాత్రం ఏదో ఒక ఆసుపత్రి కౌంటర్లో కట్టాల్సి వస్తుంది.

బయల్దేరే ముందు పని ఎల్లో ఫీవర్ టీకాతో మొదలవుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, విశాఖలో పోర్టు హెల్త్ ఆఫీసులో వేస్తారు. వేయించుకున్న పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది కాబట్టి ప్రయాణం వారం ఉందనగా పరుగెత్తితే లాభం లేదు. ఆ పసుపు కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్లో పెట్టవచ్చు. ఇది బతికున్న వైరస్‌తో చేసిన టీకా. గర్భిణులకు మామూలుగా వేయరు. పిల్లల కోసం చూస్తున్న జంట ఈ సంగతి డాక్టరుతో ముందే మాట్లాడుకుని తేదీలు పెట్టుకోవాలి.

వీసాకు ఆన్‌లైన్లో దరఖాస్తు చేయాలి. ఒక్క ఉగాండాకైతే టూరిస్టు వీసా 50 డాలర్లు. కెన్యా, రువాండా కూడా కలిపిన తూర్పు ఆఫ్రికా వీసా 100 డాలర్లు, 90 రోజులు. నెలల తరబడి ఉండి పరిచర్య చేసేవాళ్లకు టూరిస్టు వీసా సరిపోదు. మిషనరీలకు, స్వచ్ఛంద సేవకులకు జీ1 తరగతి పర్మిట్ ఉంది. దానికి పిలిచే సంఘం రాసిన ఉత్తరం, ఆ సంఘం రిజిస్ట్రేషన్ కాపీ, మీ చదువు సర్టిఫికెట్లు, పోలీస్ క్లియరెన్స్ అవసరమవుతాయి. ఇవన్నీ ఇక్కడే సిద్ధం చేసుకోండి. అక్కడ కూర్చుని ఇంటి నుంచి కాగితాలు తెప్పించుకోవడం నరకం.

విమానం రాత్రి దిగితే కంపాలా వెళ్లకండి, ఎంటెబ్బేలోనే పడుకోండి. ఎయిర్‌పోర్టు ఉన్నది ఎంటెబ్బేలో, కంపాలా అక్కడికి దాదాపు 40 కిలోమీటర్లు. 2018లో తెరిచిన ఎక్స్‌ప్రెస్‌వే మీద చిన్న బండికి టోల్ 5,000 షిల్లింగులు. రోడ్డు బాగుంటుంది, కానీ అది అయిపోయి నగరంలో అడుగుపెట్టగానే ట్రాఫిక్ మొదలవుతుంది. ఎంటెబ్బే గెస్ట్ హౌసుల్లో చిక్కల్లా విక్టోరియా సరస్సు పురుగులే. కుట్టవు గానీ చీకటి పడగానే లైటు చూసి మేఘంలా లోపలికి వస్తాయి. కిటికీ మూసే దాకా లైటు వేయొద్దు.

కంపాలాలో మా ఓటు నామిరెంబే గెస్ట్ హౌస్‌కే. చర్చి ఆధ్వర్యంలో నడుస్తుంది, కొండ మీద ఉంటుంది. 1919లో పూర్తయిన ఎర్ర ఇటుకల కెథడ్రల్ పక్కనే. కొత్త హోటళ్ల హంగులు ఉండవు. ఆ హంగుల కంటే, 1897లో మిషనరీలు మొదలుపెట్టిన మెంగో ఆసుపత్రి అదే కొండ వైపు ఉండటం విదేశంలో మొదటి వారం గడిపే జంటకు ఎక్కువ ధైర్యం. ఆఫీసు పనులు నగరం మధ్యనున్న నకసేరో వైపే ఎక్కువగా ఉంటే మాత్రం రోజూ ట్రాఫిక్‌లో నలిగిపోతారు. అప్పుడు ఆ చుట్టుపక్కలే చూసుకోవడం మేలు.

జిల్లా పట్టణాల్లో గది చూసేటప్పుడు మంచం కంటే ముందు కుళాయి తిప్పండి. నీళ్లు వస్తున్నాయా, ఫ్లష్ పని చేస్తోందా, జెనరేటర్ ఎన్ని గంటల దాకా వేస్తారు, శనివారం రాత్రి పక్కన బార్ మోగుతుందా అని వరసగా అడగండి. ‘సెల్ఫ్ కంటైన్డ్’ అంటే బాత్రూం గదిలోనే ఉంటుందని అర్థం. చెప్పిన రేటు గదికా, మనిషికా అన్నది తేల్చుకోకపోతే ఇద్దరికీ బిల్లు రెట్టింపు అవుతుంది. 18 శాతం వ్యాట్ కలిసిందో లేదో కూడా అడగాలి. షవర్ తలకే అతికించిన కరెంటు హీటర్లు చాలాచోట్ల కనిపిస్తాయి. వైర్లు బయటికి ఉంటే చన్నీళ్ల స్నానమే క్షేమం. దోమతెర దాదాపు ప్రతి గదిలో ఉంటుంది, దాదాపు ప్రతి దానికీ చిరుగు ఉంటుంది. సూది దారం, గజం తాడు, ఒక కొక్కెం సామాన్లో ఉంటే నిమిషాల్లో సరిచేసుకోవచ్చు. ఎక్కువ పల్లెలు తిరిగేవాళ్లు మందు పట్టించిన సొంత డబుల్ తెర తీసుకెళ్లడమే మంచిది. పొద్దు గూకక ముందే తెర దించి అంచులు పరుపు కిందికి దోపాలి.

డబ్బు ఖర్చు పెట్టాల్సిన అసలు చోటు రోడ్డు. అక్కడ కూడా మనలాగే ఎడమ వైపు నడుపుతారు కాబట్టి తేలికనుకుంటారు. కంపాలా నుంచి జింజా 80 కిలోమీటర్లే, కానీ మబీరా అడవి గుండా లారీల వెనక పాకుతూ పోవాలి. మూడు గంటలు వేసుకోండి, తక్కువ పడితే సంతోషం. గులూకు 330 కిలోమీటర్ల పైచిలుకు, పొద్దున్నే బయల్దేరితే ఒక పూట ప్రయాణం. అరువా ఇంకా దూరం. ఏదైనా సరే, సాయంత్రం ఆరింటికి బండి ఆగిపోవాలి. లైట్లు లేని లారీలు, రోడ్డు మీదే చెడిపోయి నిలిచిన బళ్లు, చీకట్లో నడిచే మనుషులు కలిసి రాత్రి రోడ్డును ప్రాణాంతకం చేస్తాయి. మీటింగు ఆలస్యమైతే ఆ ఊళ్లోనే పడుకుంటామని పాస్టరు గారికి ముందే చెప్పి ఉంచండి.

డ్రైవరుతో కలిపి బండి రోజుకు సాధారణంగా 60 నుంచి 100 డాలర్ల మధ్య దొరుకుతుంది, డీజిల్ వేరు. పేచీలు వచ్చేది రెండు చోట్ల. ఒకటి, బండి ఖాళీ ట్యాంకుతో వస్తుంది, తిరిగి ఇచ్చేటప్పుడు మీరు నింపిన డీజిల్ మిగిలిపోతుంది. బయల్దేరేటప్పుడే మీటరు ఫోటో తీసి, ఎంత ఉంటే అంతకే తిరిగి ఇస్తామని మాట తీసుకోండి. రెండోది, డ్రైవరు తిండి, పడక ఎవరివన్నది. మీరే ఇవ్వడం మర్యాద. బండిలో నిద్రపోయిన డ్రైవరు మర్నాడు మిమ్మల్ని నడపకూడదు. స్పేర్ టైరులో గాలి ఉందో లేదో నొక్కి చూడండి. ఎర్రమట్టి రోడ్లు వానకు సబ్బులా జారతాయి. మార్చి–మే, సెప్టెంబరు–నవంబరు వానల్లో ఫోర్ వీల్ డ్రైవ్ లేకుండా లోపలి పల్లెలకు మాట ఇవ్వొద్దు. కంపాలాలో బోడాబోడా, అంటే బైకు టాక్సీ, తప్పనిసరైతే యాప్ ద్వారా పిలిచి, రెండో హెల్మెట్ ఉంటేనే ఎక్కండి. ఇద్దరూ ఒకే బోడా ఎక్కే పొదుపు వద్దు.

ఉత్తరాన, ఈశాన్యపు కరమోజా ప్రాంతం వైపు తరచూ వెళ్లే సంస్థలకు కజ్జాన్సి ఎయిర్‌ఫీల్డ్ నుంచి మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ చిన్న విమానాలు నడుపుతుంది. సామాను పరిమితి సుమారు 15 కిలోలు, సంచితో పాటు మనిషిని కూడా తూస్తారు. పుస్తకాల పెట్టెలు ముందే బస్సులో పంపేయాలి. దక్షిణ సూడాన్ శరణార్థుల కోసం 2016లో ఏర్పడిన బిడిబిడి లాంటి శిబిరాలకు వెళ్లాలంటే ప్రధానమంత్రి కార్యాలయం అనుమతి కావాలి. సంఘం పిలిచింది కదా అని గేటు దాకా వెళ్తే అక్కడి నుంచే తిప్పి పంపుతారు.

ఆదివారం ఆరాధన గంటలు సాగుతుంది. అతిథులను తప్పకుండా లేపి నాలుగు మాటలు చెప్పమంటారు. లుగాండా మాట్లాడే చోట ‘ముకామా యెబజిబ్వే’ (ప్రభువుకు స్తోత్రం) అంటే చాలు, సంఘమంతా ‘ఆమీనా’ అంటుంది. 1903లో నెల్లూరు నుంచి రెవరెండ్ జాన్ రంగయ్య దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లినప్పుడు అక్కడి తెలుగు కూలీలకు తెలుగులోనే బోధించారు. మీకు ఆ సౌకర్యం లేదు, తర్జుమా చేసే మనిషి ఉంటాడు. నలభై నిమిషాల ప్రసంగం సిద్ధం చేసుకుంటే ఇరవై నిమిషాలదే చెప్పగలరు. చిన్న వాక్యాలు వాడండి, సామెతలు, ప్రాసలు ఇంట్లోనే వదిలేయండి. చాలా సంఘాల్లో కానుకగా వచ్చిన కోడి, అరటి గెల ఆరాధన అయ్యాక వేలం వేస్తారు, అతిథులు కూడా వేలం పాడాలని ఎదురుచూస్తారు. చిన్న నోట్లు జేబులో ఉంచుకోండి. డాలరుకు 3,600 షిల్లింగులకు అటూ ఇటూగా వస్తుంది, కొత్త ముద్రణ 50, 100 డాలర్ల నోట్లకే మంచి రేటు. చీర, పంజాబీ డ్రెస్ రెండూ గౌరవంగానే చూస్తారు. కంపాలా చుట్టూ ఉన్న బుగాండా ప్రాంతంలో ఆడవాళ్లు మోకరించి పలకరిస్తే లేవమని గాభరా పడొద్దు, అది వాళ్ల మర్యాద.

కాపురం పెట్టేవాళ్లు ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు మూడు నెలల అద్దె ముందే అడగడం మామూలు. కనీసం వెయ్యి లీటర్ల ట్యాంకు, కిటికీలకు ఇనుప చువ్వలు, మీకు విడిగా ‘యాకా’ మీటరు ఉన్నాయా చూడండి. యాకా అంటే ముందు డబ్బు కట్టి వాడుకునే కరెంటు. మొబైల్ మనీతో కడితే ఇరవై అంకెల నంబరు వస్తుంది, అది మీటరులో కొట్టాలి. పాత బకాయి ఉన్న మీటరైతే ఇల్లుగల ఆయనతో తేల్చుకున్నాకే దిగండి. మన గ్యాస్ రెగ్యులేటర్ అక్కడి సిలిండర్లకు సరిపోతుందని మోసుకెళ్లకండి. కందిపప్పు, ఆవాలు, చింతపండు కంపాలా, జింజా భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి. వాళ్ల వంటలో కారం ఉండదు కనుక మన గుంటూరు కారం ఒక్కటీ సర్దుకోండి చాలు. పోషో, అంటే మొక్కజొన్న పిండి ముద్ద, చిక్కుడు గింజలు, వేరుశనగ పులుసు ఎక్కడికి వెళ్లినా పెడతారు. వేడిగా ఉన్నంతవరకు నిర్భయంగా తినొచ్చు.

బట్టల దగ్గర ఒక్క మాట. మ్యాంగో ఫ్లై అనే ఈగ నీడలో ఆరేసిన తడి బట్టల మీద గుడ్లు పెడుతుంది. పురుగు చర్మంలోకి దూరి గడ్డగా లేస్తుంది, మధ్యలో చిన్న రంధ్రం కనిపిస్తుంది. వేజిలిన్ దట్టంగా పూస్తే గాలాడక పైకి వస్తుంది, అప్పుడు రెండు పక్కలా నొక్కి తీయాలి. అసలు రాకుండా ఉండాలంటే ప్రతి బట్టనూ రెండు వైపులా కాలే ఇస్త్రీ చేయాలి: లోదుస్తులు, రవికె చంక కుట్లు, నడుము ఎలాస్టిక్, తువ్వాలు కూడా. పనమ్మాయి వదిలేసేది సరిగ్గా ఇవే.

జనవరి చివర, మే, సెప్టెంబరుల్లో బడులు తెరిచే ముందు ఫీజు సాయం అడుగుతూ ఇంటికి చాలామంది వస్తారు. భార్యాభర్తలు ముందే ఒక మాట మీద ఉండాలి. ఇచ్చేది సంఘం కమిటీ ద్వారానే ఇస్తామని ఇద్దరూ ఒకేలా చెప్పాలి. ఒకరు కాదన్నది ఇంకొకరు చాటుగా ఇస్తే ఇల్లూ సంఘమూ రెండూ చెడతాయి.

మలేరియాకు క్లోరోక్విన్ అక్కడ పనికిరాదు. డాక్సీసైక్లిన్ చవక. వెళ్లే ముందు రోజు మొదలుపెట్టి రోజూ ఒకటి, తిరిగొచ్చాక నాలుగు వారాలు వేసుకోవాలి. నిండు గ్లాసు నీళ్లతో మింగి అరగంట పడుకోకూడదు, లేకపోతే గొంతు కింద మంట పుడుతుంది. ఎండకు చర్మం కమిలే గుణమూ ఉంది. అటోవాక్వోన్–ప్రొగ్వానిల్ ఖరీదు, కానీ వచ్చాక ఏడు రోజులు చాలు. గర్భం ఉన్నా, రావచ్చనుకున్నా డాక్సీసైక్లిన్ వద్దు, డాక్టరు చెప్పిన మందే వాడాలి. అక్కడ జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించండి. మాత్రలు వాడుతున్నాం కదా అని ఆగడం వల్లే ముదిరేది. విమానంలో తరలించే బీమా కూడా ఉండాలి, నైరోబీ నుంచి ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ ఉగాండాకూ వస్తారు. ఇంటికి చేరిన నెలల్లో జ్వరం తగిలినా సరే, మన ఊరి డాక్టరుకు మొదటి మాటగా ఆఫ్రికా నుంచి వచ్చామని చెప్పి ఫాల్సిపేరం (ప్రాణాంతక రకం మలేరియా) పరీక్ష అడగండి.