కర్నూలు నుంచి కడప దాకా: చీకుల బండ్లు, గ్రిల్ హోటళ్లు, గండికోట టెంట్లు

సీమ వైపు వెళ్తూ నిప్పుల మీద కాల్చిన మాంసం తినాలనుకునేవాళ్లకు ముందే చెప్పేస్తున్నా, బార్బెక్యూ అని బోర్డు పెట్టిన హోటల్ కోసం ఫోన్‌లో వెతక్కండి. సాయంత్రం లైట్లు వేసే వేళకు పాత ఊరి వైపు వెళ్లి, చీకుల బండి, అంటే మాంసం ముక్కల్ని చువ్వలకి గుచ్చి బొగ్గుల మీద కాల్చి అమ్మే బండి, ఎక్కడుందో ఎవర్నైనా అడగండి. నేనూ మా బావా హైదరాబాద్ నుంచి కారులో బయల్దేరి కర్నూలు, అనంతపురం, గండికోట, కడప తిరిగాం. బండ్ల దగ్గరా తిన్నాం, ఏసీ హాళ్లలోనూ తిన్నాం, అన్నీ చూశాకే ఈ మాట అంటున్నా.

44వ నంబర్ జాతీయ రహదారి మీద కర్నూలు 210 కిలోమీటర్ల పైచిలుకు, రోడ్డు బాగుంది, టిఫిన్‌కి ఆగినా నాలుగు గంటల్లో చేరిపోతాం. బస్టాండ్‌కి దగ్గర్లో ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే ఇచ్చారు, కానీ రాత్రంతా బస్సుల హారన్లు, కారు పెట్టుకోవడానికి చోటు లేదు. కారులో వచ్చేవాళ్లు హైవే వైపు దిగితే సుఖం.

మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా ఆగి కొండారెడ్డి బురుజు చూశాం, అక్కణ్నుంచి పాత ఊరి సందుల్లోకి నడిచాం. మొదటి బండి దగ్గర కార్జం (లివర్) బాగుంది, లోపల మెత్తగా, పైన కాస్త గట్టిగా ఎలా ఉండాలో అలా ఉంది. కండ ముక్కలు మాత్రం నమలలేకపోయాం. పైగా ఏదో కిరసనాయిలు వాసన. బొగ్గులు అంటించడానికి కిరసనాయిలు పోస్తే అది పూర్తిగా కాలిపోయేదాకా ఆగాలి, ఆగకుండా చువ్వలు పెట్టేస్తే ఆ వాసన ముక్కకి పట్టేస్తుంది, ఎంత నిమ్మకాయ పిండినా పోదు. ఇంకొంచెం లోపలికి వెళ్తే ఉన్న రెండో బండి చాలా మేలు. అక్కడ బొగ్గుల మీద మంట లేదు, పైన బూడిద పొర కట్టి లోపల ఎర్రగా ఉన్నాయి. ఏ బండి దగ్గర ఆగాలో తేల్చుకోవడానికి నేను మొదట చూసేది ఇదే. మంట లేస్తుంటే ముక్క పైన మాడుతుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది.

మర్నాడు పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని మధ్యాహ్నం ఒక ఏసీ గ్రిల్ హోటల్‌కి వెళ్లాం. మనిషికి ఏడొందల పైనే అయింది. చేతులు కడుక్కునే చోటు నుంచి టాయిలెట్ల దాకా అంతా శుభ్రం, పిల్లలున్న కుటుంబాలు హాయిగా కూర్చోవచ్చు, వడ్డించే కుర్రాళ్లు పిలవకముందే వస్తారు. సర్వీసుకి నేను పూర్తి మార్కులు వేస్తా. మాంసం దగ్గరికొస్తే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వంటగదిలో ముందే వండేసిన ముక్కల్ని టేబుల్ మధ్యలోని గ్రిల్ మీద వెచ్చగా ఉంచుతారు, అంతే. నిప్పు మీద వండినదానికి ఆ రుచి రావాలంటే ముక్కలోని కొవ్వు కరిగి బొగ్గుల మీద చుక్కచుక్కగా పడాలి, ఆ పొగ మళ్లీ పైకి లేచి ముక్కకి పట్టాలి. వండేసి తెచ్చిన దాంట్లో కారడానికి కొవ్వు మిగలదు. టేబుల్ మీద నిప్పు ఉన్నా లేకపోయినా ఒకటే.

అనంతపురంలో ఎక్కువసేపు ఆగలేదు. టవర్ క్లాక్ చుట్టుపక్కల తిరిగితే మాకు కనబడిన కబాబ్ బండ్లన్నీ నూనెలో వేయించేవే, ముక్కలు కళ్లు చెదిరేంత ఎర్రగా ఉన్నాయి. పక్కనే ఉన్న కర్ణాటకలో 2024 జూన్‌లో కబాబుల్లో కృత్రిమ రంగులు వాడకూడదని ప్రభుత్వం నిషేధం పెట్టింది. ఇక్కడ నేను చేసేదేంటంటే, ముక్క తిన్నాక వేళ్లకి రంగు అంటుకుంటే రెండో ప్లేటు చెప్పను.

తాడిపత్రి మీదుగా జమ్మలమడుగు, అక్కణ్నుంచి 15 కిలోమీటర్లు పోతే గండికోట. (తాడిపత్రిలో చింతల వెంకటరమణ స్వామి గుడి చూడకుండా దాటిపోకండి, ఆ రాతి రథం ఒక్కటి చూసినా చాలు.) గండికోటలో పెన్నా లోయ అంచుకి దగ్గర్లో టెంట్లు వేసి, రాత్రికి క్యాంప్‌ఫైర్, బార్బెక్యూ అంతా కలిపి ప్యాకేజీగా అమ్ముతున్నారు. మేమూ ఒకటి తీసుకున్నాం. టెంట్ బాగానే ఉంది, పడుకోవడానికి పరుపులు, ఛార్జింగ్ పెట్టుకోవడానికి ప్లగ్గు కూడా ఉన్నాయి. పొద్దున సూర్యుడు లోయ మీదకి వచ్చేటప్పుడు ఎదురుగా కూర్చోవడానికి ఎంత డబ్బు పెట్టినా తప్పు లేదనిపించింది. తిండి దగ్గరే నాకు బాగా కోపం వచ్చింది. మసాలా పట్టించిన చికెన్ కవర్లో కట్టి, ఐసు లేకుండా మధ్యాహ్నం నుంచి బయటే పెట్టారు. రాత్రికి ఒక చిన్న కుంపటి, నాలుగు బొగ్గులు, ఆ కవరు చేతికిచ్చి కాల్చుకోండి అని వెళ్లిపోయారు. లోయ గాలికి బొగ్గులు ఒకవైపు భగ్గున మండుతాయి, ఇంకోవైపు ఆరిపోతాయి. పెద్ద పెద్ద ముక్కలు, పైన నల్లగా మాడినా ఎముక దగ్గర ఇంకా ఎర్రగానే ఉన్నాయి. కోడి మాంసం లోపలిదాకా 74 డిగ్రీల వేడి తగలాలి, లేకపోతే కడుపు పాడవుతుంది. మా పక్క టెంట్లో చిన్నపిల్లలున్న కుటుంబం అదే చికెన్ తింటుంటే మా బావ వెళ్లి, ‘‘అమ్మా, పిల్లలకి మాత్రం పెట్టకండి’’ అని చెప్పి వచ్చాడు. అడిగితే నిర్వాహకుడు ‘‘ఇంకాసేపు పెట్టండి సార్, ఉడుకుతాది’’ అన్నాడు. వెళ్లేవాళ్లు టెంట్ వరకే మాట్లాడుకోండి, భోజనం జమ్మలమడుగులో తినేసి రండి. లేదంటే అక్కడే పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది.

ఇక కడప. ఈ ప్రయాణంలో నేను మళ్లీ వెళ్లేది ఇక్కడికే. ఏడు రోడ్ల కూడలికి నడిచే దూరంలో గది తీసుకున్నాం, ఏసీ పనిచేసింది, లిఫ్టు ఉంది, రాత్రి పదకొండు తర్వాత వచ్చినా గేటు తీశారు, ఇంతకంటే ఏం కావాలి. సాయంత్రం వన్‌టౌన్ వైపు ఒక సందు మలుపులో, బోర్డు కూడా లేని బండి దగ్గర ఆగాం. ఆపేసింది వాసన.

నడివయసు దాటిన పెద్దాయన, పక్కన ఆయన కొడుకు. మాంసం వాళ్లే కోస్తారు. పొట్టేలు తొడ కండని వేలి కణుపంత ముక్కలు చేసి, అల్లం వెల్లుల్లి, కారం, పెరుగు, కొంచెం పచ్చి బొప్పాయి నూరి మధ్యాహ్నమే పట్టిస్తారట. బొప్పాయి పాలలో ఉండే ఎంజైము కండని మెత్తబరుస్తుంది, ఎక్కువైతే మాత్రం ముక్క పిండిలా అయిపోతుంది, అందుకే ఆయన దాన్ని కొడుకు చేతికివ్వడు. ఒక్కో చువ్వకి మూడు ముక్కలు కండ, మధ్యలో ఒక చిన్న ముక్క కొవ్వు. ఆ కొవ్వే మొత్తం పని చేస్తుంది, కరుగుతూ పక్క ముక్కల మీదకి జారుతుంది, కిందపడి చుయ్‌మని పొగ లేపుతుంది. ఎడమచేత్తో విసనకర్ర, కుడిచేత్తో పది పన్నెండు చువ్వలు ఒకేసారి వేళ్ల మధ్య దొర్లిస్తూ తిప్పడం, మధ్యమధ్యలో కర్రకి చుట్టిన గుడ్డని నూనెలో ముంచి అద్దడం. పొగ ఎక్కువైతే విసరడం ఆపేస్తాడు, బొగ్గు మసకబారితే నాలుగు విసుర్లు విసురుతాడు. కళ్లు మాత్రం చువ్వల మీద నుంచి కదలవు.

‘‘కండ కావల్నా, కార్జం కావల్నా అన్నా?’’ అని కుర్రాడు అడిగాడు. రెండూ చెప్పాం. పుదీనా చట్నీ, ఉల్లిపాయ, నిమ్మచెక్క. మొదటి ముక్క పంటికింద ఇట్టే విడిపోయింది, అయినా అది మాంసమని తెలుస్తోంది, రసం ఉంది, పొగ ఉంది, కారం చివర్లో వస్తుంది. మా బావ మామూలుగా రెండు చువ్వలకే లేచిపోయే మనిషి, ప్లేటు మళ్లీ ముందుకు జరిపాడు. ‘‘భాయ్, బొగ్గు ఎక్కడ తెస్తారు?’’ అని అడిగితే, ‘‘తుమ్మ బొగ్గు సార్, కాస్త పిరమే, అయినా ఆఖరుదాకా నిలుస్తాది. నాసి బొగ్గు చిటపటలాడి ముక్క మీద పడతాది’’ అన్నాడు. ఒక్కో చువ్వ 30 రూపాయలు. కూర్చోవడానికి రెండు స్టూళ్లే, నీళ్లు మనమే తెచ్చుకోవాలి, ఆడవాళ్లు నిలబడి తినడానికి అంత అనువుగా లేదు, అది నిజం. కుటుంబంతో వెళ్తే పార్సిల్ కట్టించుకుని పది నిమిషాల్లో తినేయాలి, చల్లారితే కొవ్వు గడ్డకడుతుంది.

మర్నాడు ఒక అల్ఫహమ్ (అరబ్ తరహాలో బొగ్గుల మీద కాల్చిన కోడి) హోటల్‌కీ వెళ్లాం. ఈ జిల్లా నుంచి కువైట్ వెళ్లొచ్చినవాళ్లు ఇంటింటికీ ఉంటారు, ఈ హోటల్ మాస్టర్ కూడా ఆ పని కువైట్‌లోనే నేర్చుకున్నాడట. కోడిని చీల్చి పరిచి జాలీలో బిగించి బొగ్గుల మీద నిదానంగా కాలుస్తాడు, రంగు వేయడు, లోపలిదాకా బాగా ఉడికింది. ఏసీ, ఫ్యామిలీ గదులు, శుభ్రమైన వాష్‌బేసిన్, అన్నీ ఉన్నాయి. పిల్లలతో వెళ్లేవాళ్లకి కడపలో నేను చెప్పేది ఇలాంటి చోటే. పక్కన ఇచ్చే మయోనైజ్ మాత్రం పచ్చి గుడ్డుతో చేసిందా అని అడగండి, తెలంగాణలో 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాదిపాటు దాన్ని నిషేధించింది ఊరికే కాదు. మేం అడిగితే గుడ్డు లేనిదని డబ్బా తెచ్చి చూపించారు, అది నాకు నచ్చింది.

పొద్దున కారం దోసె తిని బయల్దేరాం. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా 40వ నంబర్ రహదారి తిరిగి కర్నూలు చేరుస్తుంది. చీకుల కోసం ఆదివారం వెళ్తే కార్జం బాగా దొరుకుతుంది, కానీ ఏడున్నరకే అయిపోతుంది, మామూలు రోజుల్లో తొమ్మిది దాకా ఉంటుంది. ఆరున్నరకల్లా బండి దగ్గరుంటే బొగ్గు కూడా అప్పుడే కుదురుకుని ఉంటుంది.